రోజుకు రెండు మాత్రలు

"ఎలకల మందే," అన్నాడు అబ్రహాము. ఆ మాట అనడం అది మూడోసారి.

అంటున్నాడే గాని కుక్క దగ్గరికి పోవడం లేదు. పింకీ వసారాలో గచ్చు మీద పక్కకు పడిపోయి, నాలుగు కాళ్లూ బిగదీసుకుని కొట్టుకుంటోంది. నోటి వెంట నురగ కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడటం లేదు. నిండు కడుపు ఆ కుదుపులకు అటూ ఇటూ ఊగుతోంది.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. ఆరాధనకని కట్టుకున్న తెల్లచీరతోనే ఏంజెలిన్ నేల మీద చతికిలబడి పింకీ తలను ఒళ్లోకి తీసుకుంది. కుక్క ఒళ్లు కాలిపోతోంది. ఆరేళ్లుగా ఈ పాళెంలో నర్సు పని చేస్తున్న మనిషి ఆమె. పురిట్లో మూర్ఛలు వచ్చినవాళ్లను చూసింది, ఆటోలో కాన్పు చేసింది, ఏనాడూ తడబడలేదు. ఇప్పుడు నాడి ఎక్కడ చూడాలో కూడా తోచడం లేదు, ఆ సంగతి ఆమెకే సిగ్గుగా ఉంది.

అత్త నవోమి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగించాలో, మీద చల్లాలో తెలియక చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

గోడవారగా పింకీ కోసం సిద్ధం చేసిన పురిటి గది ఉంది. గది అంటే చేపలకు ఐసు వేసే పెద్ద తెల్లపెట్టె. దాన్ని మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, ఒక పక్క గోడ కోసి, లోపల నవోమి పాత నూలు చీరలు నాలుగు మడతలు పరిచారు. వెచ్చదనానికి పైన బల్బు వేలాడదీశాడు ఏంజెలిన్ మొగుడు గిద్యోను. డెట్టాలు, మరగబెట్టిన కత్తెర, బొడ్డు కట్టడానికి దారం, పిల్లల్ని తూచడానికి కూరగాయల కాటా, అన్నీ వరసగా పళ్లెంలో పెట్టి పైన గుడ్డ కప్పి ఉన్నాయి. పాళెంలో చాలామంది తల్లులకు ఇందులో సగం ఏర్పాటు కూడా జరగలేదు. ఆ మాట అని నవ్వినవాళ్లు ఉన్నారు, చూసి పోదామని వచ్చి పెట్టెలోకి తొంగి చూసినవాళ్లూ ఉన్నారు.

పెట్టె పైన మేకుకు ఒక అట్ట. కడుపుతో ఉన్నవాళ్లకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు చూసి ఏంజెలిన్ అచ్చం అలాగే గీసింది. పేరు పింకీ. భర్త పేరు గూడూరు రైల్వే క్వార్టర్స్ టామీ. కాన్పు మొదటిది. కింద జతకట్టిన తేదీ, వచ్చే గురువారం నాటి కాన్పు తేదీ, వారం వారం బరువు, వేసిన మాత్రలు. మాత్రల గడిలో టిక్కులు ఒక్క రోజు కూడా తప్పలేదు. భర్త పేరు చదివి గిద్యోను రెండు రోజులు నవ్వాడు. నవ్వినవాడే మూడోరోజు దానికి ప్లాస్టిక్ కవరు తొడిగాడు.

"చెంచమ్మే," అన్నాడు అబ్రహాము ఈసారి. అని చెప్పులు కూడా వేసుకోకుండా గడప దిగాడు.

"మామా, ఆగు. ముందు డాక్టరు చూడనీ," అంది ఏంజెలిన్.

ఆయన ఆగలేదు. ముప్పై ఏళ్లు లారీ తోలి, కంటి చూపు మందగించి ఇంట్లో కూర్చున్నాక అబ్రహాముకు పొద్దు పోయేది పింకీతోనే. కొడుకుతో పది మాటలు మాట్లాడితే కుక్కతో వంద మాట్లాడతాడు. సంఘంలో పెద్ద, ఆదివారం ఆదివారం క్షమాపణ గురించి ప్రార్థన చేసే మనిషి. ఈ ఆదివారం ఆయన మొహం చూస్తే ఆ ప్రార్థనలు చేసింది ఇంకెవరో అనిపించింది నవోమికి.

చెంచమ్మ ఇల్లు సందుకు అవతలి పక్కనే. భర్త పోయినప్పటి నుంచి గంప నెత్తిన పెట్టుకుని గూడూరు వీధుల్లో చేపలమ్మి బతుకుతోంది. కొడుకు చెన్నై బోట్లలో వేటకు పోయాడు. కోడలు ఉషకు ఎనిమిదో నెల. మొన్న మంగళవారం పింకీ చెంచమ్మ దొడ్లో దూరి, పదకొండు కోడిపిల్లల్లో ఐదింటిని చంపింది. చెంచమ్మ సందు మధ్యలో నిలబడి, ఇంకొక్కసారి నా దొడ్లోకి వస్తే అన్నంలో మందు కలిపి పెడతానని అరిచింది. ఆ అరుపు వినని చెవి ఆ సందులో లేదు.

ఇప్పుడు అందరికీ ఆ మాటే గుర్తొచ్చింది. అబ్రహాము ఆమె వాకిట్లో నిలబడే సరికి చుట్టూ పదిమంది పోగయ్యారు. చెంచమ్మ గంప కడుగుతున్నదల్లా లేచి నిలబడింది.

"నేను పెట్టలా అబ్రహామన్నా. నోటితో అన్నానే గాని చేత్తో పెట్టలా," అంది.

"నువ్వన్నది పాళెమంతా వినింది," అన్నాడు ఆయన. "కడుపుతో ఉండే నోరులేని దాన్ని చంపినావు. నీ ఇంట్లోనూ కడుపుతో ఒకతి ఉండాది, అదన్నా గుర్తుకు రాలేదా నీకు?"

ఆ మాటకు గడపలో నిలబడిన ఉష లోపలికి తప్పుకుంది.

గిద్యోను తన ఆటో స్టార్టు చేసి హారన్ కొట్టాడు. ఏంజెలిన్ పింకీని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని ఎక్కింది. నవోమి చెంబుతో సహా ఎక్కేసింది. తండ్రిని పిలిచాడు గిద్యోను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. పాళెం పెద్ద గంగాధరాన్ని పిలుచుకు రమ్మని ఎవరికో చెబుతున్నాడు.

*

గూడూరులో ఆ పశువుల డాక్టరు పేరు కరుణాకుమారి. ఆదివారం క్లినిక్ మూసి ఉన్నా పైన ఇంట్లోనే ఉంటుంది. గిద్యోను షట్టరు బాదితే తడిజుట్టుతోనే కిందికి దిగి వచ్చింది.

బల్ల మీద పడుకోబెట్టగానే పింకీకి మళ్లీ మూర్ఛ వచ్చింది. నవోమి ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. కోడిపిల్లల సంగతి, చెంచమ్మ బెదిరింపు, ఎలకల మందు. డాక్టరు వింటూనే చిగుళ్లు చూసింది, జ్వరం చూసింది, పొదుగు నొక్కి చూసింది. పాలు చుక్క చుక్కగా కారాయి.

"ఎప్పటి నుంచి పాలు పడుతున్నాయి?"

"నిన్నటి నుంచి మేడం," అంది ఏంజెలిన్. "నిన్న సాయంత్రం నుంచి నాలుక బయటపెట్టి గస పెడతా ఉండింది. మూతి గోడకేసి రుద్దుకుంటా ఉండింది. నొప్పులు మొదలైనాయేమో అనుకున్నాం."

"ఇది విషం కాదు," అంది డాక్టరు. "రక్తంలో కాల్షియం పడిపోయింది. చిన్నజాతి కుక్కల్లో, మొదటి కాన్పుకు ముందో తర్వాతో వస్తుంది."

గిద్యోను గోడకు ఆనుకుని, దేవా, అన్నాడు. విషం కాదన్న మాట ఒక్కటే వాడికి వినబడింది. నవోమి మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా ఆమె గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. తర్వాత ఎన్ని రోజులు తలచుకున్నా ఆ గర్వానికి తనను తాను క్షమించుకోలేకపోయింది.

"అదొక్కటీ కాదు మేడం. మా కోడలు నర్సు. నలభై రోజులుగా రోజుకు రెండు కాల్షియం మాత్రలు, పొడి చేసి పాలల్లో కలిపి, ఒక్క పూట తప్పకుండా ఏసింది. అట్ట మీద రాసి పెట్టుండాది. మనుషులకే అంత చెయ్యరు. కాల్షియం తక్కువయ్యేదానికి లేదు."

సిరంజిలోకి మందు ఎక్కిస్తున్న డాక్టరు చెయ్యి ఆగింది.

"ఏం మాత్రలు?"

ఏంజెలిన్ చెప్పింది. మందుల షాపులో కొన్నవే, ఉపకేంద్రంలో ఇచ్చే సర్కారు మాత్ర ఒక్కటి కూడా ముట్టుకోలేదు అని అడక్కుండానే చెప్పింది. డాక్టరు అడిగింది అది కాదు.

"నిన్న కూడా వేశారా?"

"గస పెడతా ఉందని ఇంకో రెండు ఎక్కువేసినా."

డాక్టరు పింకీ కాలికి సూది పెట్టి, ఒక చెవి స్టెతస్కోపుతో గుండె మీద ఉంచి, మందును చుక్క చుక్కగా ఎక్కించడం మొదలుపెట్టింది. అరగంట పట్టింది. ఆ అరగంటా ఏంజెలిన్ పింకీ కాలు కదలకుండా పట్టుకుని సీసా మీద కాగితం చదివింది. లోపలికి పోతున్నదీ కాల్షియమే. తను పోసినదే, మళ్లీ పోస్తున్నారు. అందులో ఏదో ఉందని ఆమెకు తెలిసిపోయింది, ఏమిటో మాత్రం తెలియలేదు. తెలియని ఆ కాసేపు ఆమె జీవితంలో అన్నిటికంటే పొడుగైన కాసేపు.

ముందు చెవులు కదిలాయి. తర్వాత కాళ్లు మెత్తబడ్డాయి. పింకీ తల ఎత్తి, ఏంజెలిన్‌ను చూసి, ఆమె మణికట్టును ఒకసారి నాకింది. నవోమి ఏడ్చేసింది.

అప్పుడు చేతులు కడుక్కుంటూ డాక్టరు చెప్పింది. "సిస్టర్, మీరు చెడ్డ మనసుతో చేయలేదు. కానీ దీన్ని ఇక్కడికి తెచ్చింది మీ మాత్రలే."

ఏంజెలిన్ నిలబడే ఉంది.

కుక్క ఎముకల్లో కాల్షియం బోలెడంత ఉంటుందట. పాలు పడేటప్పుడు ఒంట్లో ఒక గ్రంథి దాన్ని ఎముకల్లోంచి తీసి రక్తంలోకి పంపుతుందట. కడుపుతో ఉన్నన్నాళ్లూ రోజూ బయట నుంచి పోస్తూ ఉంటే ఆ గ్రంథి పని మానేస్తుందట. తీరా పాలు పడి ఒక్కసారిగా కావలసి వచ్చినప్పుడు లేవదట. డాక్టరు తేలిక మాటల్లోనే చెప్పింది. ఒక్కొక్క మాటా తేలిగ్గానే అర్థమైంది, అందుకే తట్టుకోవడం కష్టమైంది.

"మరి మా ఆడవాళ్లకు..." అంది ఏంజెలిన్.

"వాళ్లకు ఆపకండి. మనుషులకు అది కావాలి. మీరు వాళ్లకు చేస్తున్నది సరైనదే. కుక్క లెక్క వేరు, అంతే. ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని."

ఒక్క ఫోన్. డాక్టరు నంబరు నలభై రోజులుగా ఏంజెలిన్ సెల్లులో ఉంది. అడగాలని ఎందుకు తోచలేదో ఆమెకు అక్కడే తెలిసింది. పాళెంలో జ్వరమొచ్చినా, నెల తప్పినా, బిడ్డ పాలు తాగకపోయినా అందరూ వచ్చి అడిగేది తననే. అడిగించుకోవడం అలవాటైపోయి, అడగడం మరిచిపోయింది.

కడుపు మీద స్కానింగ్ పెట్టి డాక్టరు చాలాసేపు చూసింది. నాలుగు పిల్లలు. రెండు గుండెలే కొట్టుకుంటున్నాయి. సాయంత్రం లోపల నొప్పులు రాకపోతే ఆపరేషన్ చేసి మిగిలిన రెండింటినైనా తీయాలని, అప్పటిదాకా ఇక్కడే ఉంచమని చెప్పింది.

ఏంజెలిన్ గోడ వైపు తిరిగింది. గిద్యోను వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే తీసేసింది.

అప్పుడే అబ్రహాము ఫోన్ చేశాడు. పింకీ బతికిందని కొడుకు చెప్పబోయినా వినిపించుకోలేదు. అక్కడ గంగాధరం పంచాయతీ కూర్చున్నాడు. చెంచమ్మ అందరి ముందూ కోడలి కడుపు మీద చెయ్యి పెట్టి, నేను మందు పెట్టి ఉంటే ఈ బిడ్డ నాకు దక్కకుండా పోవాల అని ఒట్టు వేసిందట. మేము ఒట్లు వెయ్యం, ఒట్లు నమ్మం, డాక్టరు మాట నమ్ముతాం అన్నాడట అబ్రహాము. మందు అని తేలితే ఇక పాళెంలో ఏ పడవ వాళ్లూ చెంచమ్మ గంపలో చేప వెయ్యరాదని గంగాధరం చెప్పేశాడట. ఏంజెలిన్‌ను బిన్నా, ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నాడు అబ్రహాము. ఆమె నోటి మాట చాలునట అందరికీ.

*

గిద్యోనును పింకీ దగ్గర వదిలి అత్తాకోడళ్లు షేర్ ఆటో ఎక్కారు. ఆటోలో జనం ఉన్నారు, మాట్లాడుకోవడానికి లేదు. చిల్లకూరు దాటి పాళెం రోడ్డు మొదట్లో దిగాక, ఇంటికి సరుగుడు తోపు పక్కన కిలోమీటరు నడక. మధ్యాహ్నం ఎండ ఇసుక మీద పడి కళ్లు చెదురుతున్నాయి.

సగం దూరం పోయాక నవోమి నడుస్తూనే అంది.

"నువ్వేం చెప్పబాక. నేను చెప్తా."

"ఏం చెప్తావత్తా?"

నవోమి ఆగింది. మామూలుగా ఆమె నెమ్మదస్తురాలు, అబద్ధమాడితే మొహం ఎర్రబడే మనిషి. ఇప్పుడు మొహం రాయిలా పెట్టుకుని ఉంది.

"నీ చేతి మాత్ర మింగే వాళ్లు ఎంతమంది ఉండారు?"

"ముప్పై ఒక్కరు."

"నర్సమ్మ మాత్రలేసి కుక్కని చంపబోయిందంట అని ఒక్క మాట పోనీ. ముప్పై ఒక్కరిలో ఒక్కతన్నా మింగుతాదా? పోయినేడు మరిచిపోయినావా?"

ఏంజెలిన్ మరిచిపోలేదు. ఐరన్ మాత్ర మింగితే బిడ్డ నల్లగా పుడతాడని పోయినేడు ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. మూడు నెలలు మాత్రలన్నీ పెంటకుప్పల్లో తేలాయి. ఆ మూడు నెలల్లోనే పడమటి వీధి పిల్ల ఒకతి పురిట్లో రక్తం పోయి, గూడూరు చేరకుండానే ఏంజెలిన్ చేతుల్లో చనిపోయింది. ఆ తర్వాత ఏంజెలిన్ ఇల్లిల్లూ తిరిగి, ప్రతి గడపలోనూ తను ఒక మాత్ర నోట్లో వేసుకుని మింగి చూపించింది. అలా తిరిగి సంపాదించుకున్న నమ్మకం ఇది.

"ఉషకి రక్తం ఎంతుండింది?" అంది నవోమి.

"ఏడు. ఇప్పుడు తొమ్మిదిన్నర."

"ఆ పిల్ల కోసమన్నా నోరు మూసుకో. చెంచమ్మకి ఏమవుతాది? నాలుగు రోజులు తిట్లు పడతాది. చేపల సంగతి మీ మామతో నేను మాట్లాడతా, వారంలో అంతా సర్దుకుంటాది. పోయిన మనిషి తిరిగి రాదు గదా అమ్మాయ్."

అత్త చెప్పిన దాంట్లో ఏంజెలిన్ తప్పు వెతికింది, కనబడలేదు. అది అబద్ధం అన్న ఒక్క సంగతి తప్ప. దేవుడు ఎటు ఉంటాడని అడగబోయి, అత్త మొహం చూసి ఊరుకుంది. మిగిలిన దారంతా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు.

*

చెంచమ్మ ఇంటి ముందు వలలు బాగుచేసుకునే పందిరి కింద గంగాధరం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ పాతికమంది. అబ్రహాము ఒక గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. చెంచమ్మ ఇసుకలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు, తిట్టడం లేదు. గట్టి నోరున్న చెంచమ్మ అంత సేపు మాట్లాడకుండా కూర్చోవడం పాళెంలో ఎవరూ చూసి ఉండరు. ఉష గడపలో నిలబడింది. కడుపు మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

పింకీ బతికే ఉంది, గిద్యోను దగ్గరుండి చూసుకుంటున్నాడు అని నవోమి ముందు మొగుడికి చెప్పింది. అబ్రహాము కళ్లు తుడుచుకున్నాడు. గంగాధరం గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరమ్మ ఏం చెప్పిందమ్మా?"

"మందేనంట," అంది నవోమి.

అందరూ చెంచమ్మను చూస్తారని ఏంజెలిన్ అనుకుంది. ఎవరూ చెంచమ్మను చూడలేదు. పందిరి కింద ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా తిరిగి ఉష కడుపు వైపు చూశారు.

నవోమికి ఆ చూపులు అర్థం కావడానికి క్షణం పట్టింది. ఒట్టు సంగతి ఆమె విన్నది గాని లెక్కలోకి తీసుకోలేదు. తమ ఇంట్లో ఒట్లకు విలువ లేదు. చెంచమ్మ ఇంట్లో ఉంది. మందే అని ఆమె అన్న ఒక్క మాటతో, చెంచమ్మ పెట్టిన ఒట్టు పోయి పుట్టని బిడ్డ మీద పడింది. ఉష గడప పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. పెదాలు తెల్లబడ్డాయి. ఇన్ని నెలలుగా ఆ పెదాల్లో రంగు తెప్పించడానికి ఏంజెలిన్ పడని పాటు లేదు.

చెంచమ్మ లేచింది. నవోమిని పట్టించుకోకుండా తిన్నగా వచ్చి ఏంజెలిన్ ముందు నిలబడింది.

"నర్సమ్మా, నువ్వు చెప్పు. నువ్వు నాకు ఇంతవరకు తప్పు చెప్పలా. నువ్వు గూడా మందే అంటే, నా చెయ్యే నాకు తెలీకుండా పెట్టిందేమో అని నమ్ముతా."

"అమ్మాయ్," అంది నవోమి వెనక నుంచి. పెద్దగా అనలేదు.

ఏంజెలిన్ మామను చూసింది, గంగాధరాన్ని చూసింది. పందిరి కింద ముప్పై ఒక్కరిలో ఎంతమంది ఉన్నారో తెలియకుండానే లెక్క పెట్టింది. ఏడుగురు.

"చెంచమ్మత్త ఏమీ పెట్టలేదు," అంది. "నేనే పెట్టినా."

అబ్రహాము గుంజను వదిలి, మళ్లీ పట్టుకున్నాడు. ఏంజెలిన్ ఆపకుండా చెప్పింది, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని భయం. బలానికని కాల్షియం మాత్రలు వేశానని, కుక్కకు కడుపుతో ఉన్నప్పుడు అవి పడవని తనకు తెలియదని, ఎవరినీ అడగలేదని, కడుపులో రెండు పిల్లలు తన చేతుల మీదుగానే పోయాయని. మనుషులకు అవి మంచివేనని చెప్పింది. డాక్టరు గూడా అదే చెప్పిందని, మానవద్దని చెప్పింది. ఆ మాట రెండోసారి కూడా చెప్పింది.

రెండోసారి చెప్పేటప్పుడే ఆమెకు తెలిసింది, ఎవరూ వినడం లేదని.

"అంటే, మా ఇళ్లల్లో కడుపుతో ఉండే బిడ్డలకి ఇస్తా ఉండావే, అదేనా?" అన్నాడు గంగాధరం.

"అదే మాత్ర మామా. కానీ మనుషులకి..."

"అదే," అన్నాడు గంగాధరం పక్కవాడితో.

ఆ ఏడుగురిలో వెనక వరస పిల్ల ఒకతి లేచి, కొంగు సర్దుకుని, ఇంటికేసి నడిచింది. ఆమె వెనక ఇంకొకతి. అబ్రహాము చెంచమ్మ దగ్గరికి రెండు అడుగులు వేసి, చేతులు జోడించబోయాడు గాని ఆమె చూడలేదు.

తన మీద పడ్డ నింద పోయిందన్న సంతోషం చెంచమ్మ మొహంలో లేదు. ఆమె అప్పటికే కోడలి దగ్గరికి పోయి గడపలో గొంతుక్కూర్చుంది.

"ఉషా, అన్నం తిని మాత్ర ఏసుకున్నావా?"

ఉష తలూపింది.

"ఎంతసేపయ్యింది?"

"ఇప్పుడే అత్తా. మీరు పంచాయతీలో ఉంటే."

"కక్కు," అంది చెంచమ్మ.

ఏంజెలిన్ గబగబా వచ్చి ఉష చెయ్యి పట్టుకోబోయింది. చెంచమ్మ ఆ చేతిని పక్కకు తోసింది. విసురుగా తోయలేదు, పొయ్యి దగ్గరికి వచ్చిన పసిబిడ్డను తోసినట్టు తోసింది.

"వద్దమ్మా. నువ్వు నిజం చెప్పినావు, నీకు దణ్ణం పెడతా. కానీ నా బిడ్డని ముట్టుకోబాక."

ఉష ఏంజెలిన్ కళ్లలోకే చూస్తూ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంది.